నడి ఎండాకాలంలో వంగిన షీట్లు: అనంతపురంలో ఒక ఫ్రేమ్ షాపు కేసు

ఫ్రేమ్ పనిలో ఉన్నోళ్ళకి షీటు, అంటే పటం వెనకాల వేసే ఎండీఎఫ్ (చెక్కపొట్టుని జిగురుతో వత్తి చేసే పలక), వంగడం కొత్త సంగతేం కాదు. అయినా ఈ కేసు పూర్తిగా రాసి పెడదామనిపించింది, ఎందుకంటే ఇక్కడ షీట్లు వంగింది వానాకాలంలో కాదు, నడి ఎండాకాలంలో, అదీ అనంతపురంలో. ఏడాదికి 550 మిల్లీమీటర్లు అటూ ఇటూ వాన పడే ఊరు, మే నెలలో బట్ట ఉతికి ఆరేసి తిరిగి చూసేలోపల ఆరిపోతుంది, అట్లాంటి చోట "నీ షీట్లకి తేమ తగిలిందప్పా" అంటే ఎవరు నమ్ముతారు. మొదట్లో నేనే నమ్మలే. షాపు ఎక్కడుంది ఎవరిది అనేది చెప్పను, మనుషుల వివరాలు కొంచెం మార్చినా, కొలతలు మాత్రం నా నోట్‌బుక్‌లో ఉన్నవి ఉన్నట్టే పెడతాండా.

షాపు సంగతి

చాలా ఏళ్ళ నుంచి నడుస్తున్న షాపు. దేవుడి పటాలు, పెళ్ళి ఫోటోలు, ఎండీఎఫ్ మీద ఫోటో అతికించి పైన ఫిల్మ్ వేసే లామినేషన్లు, అప్పుడప్పుడు నిమ్మలకుంట తోలుబొమ్మలకి గ్లాసు ఫ్రేములు. ముందర కౌంటరు, మధ్యలో పని చేసే రూము, దాని వెనకాల రేకుల కప్పుతో గోడౌను. గోడౌనుకి పడమటి గోడ బయటి గోడ, సాయంత్రం 4 గంటలకి చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఆ గోడకే 8 అడుగులకి 4 అడుగుల షీట్లు, 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్, కొంచెం హార్డ్‌బోర్డు, అన్నీ నిలబెట్టి ఆనించి పెట్టినారు. ఎప్పుడు చూసినా 40, 50 షీట్లు ఉంటాయి. మౌంట్ బోర్డులు (మధ్యలో కిటికీ మాదిరి కోసి ఫోటో చుట్టూ పెట్టే అట్టలు) పక్క గోడలో కడప బండలతో కట్టిన అరల మీద. కింద బేతంచెర్ల బండలు పరిచిన నేల. మా సీమలో సగం షాపులు ఇట్లే ఉంటాయి, ఇందులో వింతేం లేదు.

ఓనరు అన్న పనితనంలో వంక పెట్టేదానికి లేదు. మూల కలిపితే సందు కనపడదు. అందుకే ఆయనకి ఎక్కువ బాధ అయింది.

ఏమైంది

ఫిబ్రవరి చివర్లో ఒక కాలేజీకి గ్రూప్ ఫోటోలు, 20 అంగుళాలకి 30, లామినేషన్ 64 పీసుల ఆర్డరు వచ్చింది. మార్చి అంతా విడతలు విడతలుగా చేసి ఇచ్చినారు. ఇచ్చిన మూడో వారానికే ఫోన్లు మొదలైనాయి, పటాలు గోడమీద కడుపు ముందుకి తోసుకొచ్చినట్టు ఉబ్బినాయి అని. మొత్తం 41 తిరిగొచ్చినాయి. అది చాలదన్నట్టు గ్లాసు ఫ్రేముల్లో కూడా వెనకాల షీటు గ్లాసుని తోసి, రెండు మూడు చోట్ల పిన్నులు లేచినాయి. మౌంట్ బోర్డు కట్ చేస్తుంటే అంచులు లేచి ఉండడం వల్ల బ్లేడు ఒక చోట లోతుగా ఒక చోట పైపైన పోతాంది, కిటికీ అంచు శుభ్రంగా రావట్లే. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు గోడౌన్‌లో స్టాకు కూడా వంగడం మొదలైంది.

నన్ను పిలిచేలోపల ఆయన మూడు పనులు చేసి చూసినాడు.

మొదటిది, సరుకు మంచిది కాదు అనుకుని వేరే చోట నుంచి తెప్పించినాడు. కొత్త లాటు కూడా పది రోజుల్లో అట్లే వంగింది. ఇది నాకు చాలా పనికొచ్చిన సమాచారం, ఎందుకంటే రెండు వేరే వేరే మిల్లుల షీట్లు ఒకే చోట ఒకే రకంగా వంగితే తప్పు షీటుది కాదు, చోటుది. రెండోది, వంగిన షీట్లని ఎండలో పెట్టినాడు. ఎండ తగిలిన మొహం గబగబా ఆరి కుంచించుకుపోతుంది, కింది మొహం అట్లే ఉంటుంది, అప్పటిదాకా విల్లు మాదిరి ఉండేది ఇంకో దిక్కుకి విల్లు అయింది. మూడోది, షీట్ల కట్ట మీద పైనుంచి ప్లాస్టిక్ పట్ట కప్పినాడు, కానీ కింద, పక్కన తెరిచే ఉంది. సగం కప్పడం అంటే ముందర షీటుకి ఒక మొహం మూసి ఒక మొహం తెరిచినట్టే అయింది.

నేను మొదటిసారి పోయినప్పుడు చేసిన తప్పు

ఏప్రిల్ రెండో వారంలో ఒక సాయంత్రం పోయినా. ఆ రోజు మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు. నా దగ్గర చిన్న డిజిటల్ మీటరు ఉంటుంది, వేడి, గాలిలో తేమ చూపించేది, కొన్ని వందల రూపాయలకే దొరుకుతుంది. గోడౌన్‌లో పెట్టి అరగంట ఆగి చూస్తే వేడి 39 డిగ్రీలు, తేమ 24 శాతం. సరే, తేమ ఊసే లేదు అని రాసేసుకున్నా. షీట్లు చూస్తే గోడకి బాగా ఏటవాలుగా ఆనించి ఉన్నాయి, కింద అంచు గోడకి రెండు అడుగుల దూరంలో ఉంది. 3 మిల్లీమీటర్ల షీటు అట్ల ఆనిస్తే దాని బరువుకే మధ్యలో గోడ వైపుకి జారుతుంది, రోజులు గడిచేకొద్దీ ఆ వంపు అట్లే నిలిచిపోతుంది, చెక్కపొట్టుతో చేసిన ఏ షీటుకైనా ఈ గుణం ఉంది. కాబట్టి కారణం ఆనించడమే, పడుకోబెట్టండి సరిపోతుంది అని చెప్పేసినా.

కానీ ఆ రోజే ఒకటి చూసినా, చూసి కూడా లెక్కలోకి తీసుకోలే. కట్టలో వెనక షీట్లు గోడ వైపుకి జారినాయి, అది సరే. ముందరున్న నాలుగైదు షీట్లు మాత్రం ఎదురుగా, మన వైపుకి ఉబ్బినాయి. బరువుకి వంగిన షీటు మన వైపుకి ఎందుకొస్తుంది? ఒకే కట్టలో రెండు దిక్కులకి వంపు ఉంటే రెండు కారణాలు ఉన్నాయని అర్థం. నేను ఒక కారణం దొరికింది కదా అని రెండోది వదిలేసినా. ఈ పనిలో ఎన్నేళ్ళున్నా ఒక జవాబు దొరకంగానే వెతకడం ఆపేసే గుణం మనిషిని వదలదు, ఆ రోజు నాకు అదే అయింది.

ఇంకొకటి కూడా చేసినా. పడుకోబెట్టడానికి నేల మీద మూడు రీపర్లు (చెక్క పట్టీలు) వేయించినా, రెండు చివర్లకి ఒకటొకటి, మధ్యలో ఒకటి, వాటి మీద షీట్లు పేర్పించినా. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌కి అది నడుస్తుందేమో, 3 మిల్లీమీటర్లకి నాలుగు అడుగుల సందు అంటే చాలా ఎక్కువ. పదిహేను రోజులకి ఫోన్ వచ్చింది. "అన్నా, నువ్వు చెప్పినట్టే పండబెట్టినాం, ఇప్పుడు రీపరు రీపరుకి మధ్యలో దిగిపోయి అలలు అలలుగా ఉండాయి, పైన షీట్లు ఇంకా వంగుతానే ఉండాయి" అన్నాడు.

రెండోసారి

ఈసారి మధ్యాహ్నం 2 గంటలకి పోయినా. పోంగానే మొహానికి చల్లగాలి కొట్టింది. పని చేసే రూములో మనిషంత ఎత్తు కూలరు, గడ్డి మ్యాట్లది, ఫుల్ స్పీడులో తిరుగుతాంది, దాని గాలి తలుపు లేని గుమ్మంలోంచి నేరుగా గోడౌన్‌లోకి పోతాంది. మొదటిసారి కరెంటు లేక ఇది ఆగి ఉండె. మీటరు పెట్టినా. గోడౌన్ గుమ్మం దగ్గర 68 శాతం. అదే గోడౌన్‌లో పడమటి గోడ మూలలో 37.

"ఈ కూలరు ఎప్పుడు తెచ్చినారప్పా?" అంటే ఓనరు అన్న ఆలోచిస్తున్నాడు, పని నేర్చుకునే పిల్లోడు చెప్పినాడు, "పోయిన ఎండాకాలంలో తెచ్చినాం అన్నా, అప్పుడే గాలి ఆడాలని ఈ తలుపు కూడా పీకేసినాం" అని. మొదటిరోజు నేను "ఈమధ్య ఏమన్నా మార్చినారా" అని అడిగింది నిజమే, కానీ షీట్ల గురించి అడుగుతున్నా అనుకుని ఏం మార్చలే అన్నారు. కూలరు వాళ్ళ లెక్కలో షీట్లకి సంబంధం లేని వస్తువు. ఇప్పుడు నేను అట్ల అడగను. ఫ్యాను, కూలరు, తలుపు, కిటికీ, కప్పు, నేల, ఒక్కొక్కటి పేరు పెట్టి అడుగుతా.

ఆ పిల్లోడే ఇంకో మాట కూడా అన్నాడు, నా దృష్టిలో ఈ కేసు మొత్తం తేలింది ఆ మాటతోనే. "పైన షీటు పొద్దున ఒక రకంగా ఉంటాది, మధ్యాహ్నం ఒక రకంగా ఉంటాది అన్నా." పొద్దున వస్తే నాలుగు మూలలు పైకి లేచి పళ్ళెం మాదిరి ఉంటుందంట, మధ్యాహ్నం మూలలు దిగి నడిమధ్యలో బుడ్డ మాదిరి లేస్తుందంట. షీటు చెడిపోయి ఉంటే ఒకే రకంగా ఉండాల. పూటకో తీరుగా మారుతోందంటే షీటు బాగానే ఉంది, గాలి మారుతోంది. పగలు కూలరు తేమకి పై మొహం సాగి మధ్యలో ఉబ్బుతుంది, రాత్రి కూలరు ఆపినాక ఎండుగాలికి అదే పై మొహం ముందు ఆరి కుంచించుకుని మూలలు లేపుతుంది. ముందర నిలబెట్టిన షీట్లు మన వైపుకి ఎందుకు ఉబ్బినాయో కూడా ఇప్పుడు అర్థమైంది, వాటి ఈ మొహానికి కూలరు గాలి, ఆ మొహానికి పక్క షీటు.

ఇక్కడ లెక్క ఒకసారి చెప్పాల, ఎందుకంటే ఈ లెక్క వేసుకోనంత వరకు ఇంత చిన్న తేడాకి అంత వంపా అని నమ్మకం కుదరదు. ఎండీఎఫ్‌లో తేమ ఒక శాతం మారితే మీటరుకి సుమారు 0.4 మిల్లీమీటర్లు సాగుతుంది లేదా తగ్గుతుంది. వినడానికి ఏమీ కాదు. కానీ 3 మిల్లీమీటర్ల షీటులో ఒక మొహం ఆ ఒక్క శాతం సాగి రెండో మొహం సాగకపోతే, అది ఏడున్నర మీటర్ల వ్యాసార్థం ఉన్న వంపు అవుతుంది, 8 అడుగుల పొడవులో మధ్య భాగం దాదాపు 4 అంగుళాలు లేస్తుంది. అదే తేడా 18 మిల్లీమీటర్ల షీటుకి వస్తే 16 మిల్లీమీటర్లే. అంటే పలచగా ఉండడమే మన సరుకుకి శాపం. ఇంకా ముఖ్యమైంది, రెండు మొహాలకీ సమానంగా తేమ ఎక్కితే షీటు కొంచెం పెద్దదవుతుంది అంతే, వంగదు. మనం భయపడాల్సింది తేమకి కాదు, ఒక మొహానికీ ఇంకో మొహానికీ వచ్చే తేడాకి.

కాలేజీ పటాలు ఉబ్బింది కూడా ఇదే దారిలోనే. ముందర ఫోటో, దానిమీద ఫిల్మ్, అటునుంచి తేమ పోదు రాదు. వెనకాల పచ్చి ఎండీఎఫ్. కూలరు రూములో పని చేసేటప్పుడు వెనక భాగం తేమ పీల్చి ఉంది, తీసుకుపోయి ఎండు గోడకి తగిలిస్తే వెనక మొహం ఆరి కుంచించుకుంది, ముందు మొహం అట్లే ఉంది, పటం కడుపు ముందుకి వచ్చింది.

అయినా నా మాట మీద నాకే నమ్మకం ఉండాలని చిన్న పరీక్ష పెట్టినా. ఒకే షీటు నుంచి అడుగు చదరం ముక్కలు రెండు కోసి, వంటింటి డిజిటల్ కాటా మీద తూచి, ఒకటి గుమ్మం దగ్గర, ఇంకొకటి పైన అటకమీద బీరువాలో పెట్టించినా. ఒక్కోటి 208 గ్రాములు అటూ ఇటూ. నాలుగు రోజుల తర్వాత గుమ్మం దగ్గర ముక్క 5 గ్రాములు పెరిగింది, బీరువాలోది కదల్లే. ఎవరికైనా వాదన ఉంటే ఈ పరీక్ష చేసి చూపించండి, కాటా ముందర వాదన ఉండదు.

ఏం మార్చినాం, ఎందుకు

కూలరు తీసేయమని నేను చెప్పలే. 42 డిగ్రీల ఎండలో రేకుల కప్పు పక్కన మనుషులు గ్లాసు కోయాల, వాళ్ళు ముందు, షీట్లు తర్వాత. కాబట్టి గోడౌన్‌కి పీకేసిన తలుపు మళ్ళీ బిగించి, కూలరుని తిప్పి గాలి కౌంటరు వైపుకి పోయేట్టు చేసినాం. గోడౌన్‌లో గాలి ఆడడానికి పాత చిన్న ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంది, దాన్ని బాగు చేయించినారు. తలుపు పెట్టిన రెండో రోజు మధ్యాహ్నం చూస్తే గోడౌన్‌లో ఎక్కడ పెట్టినా తేమ 28 నుంచి 33 శాతం లోపలే. అంకె తక్కువ ఉండడం కంటే అన్ని మూలల్లో ఒకే రకంగా ఉండడం నాకు సంతోషం అనిపించింది.

తర్వాత చోటు. పడమటి గోడ వదిలేసి లోపలి గోడ వైపుకి వచ్చినాం, గోడకి అరడుగు సందు ఇడిసి. కింద సిమెంటు ఇటుకలు, వాటి మీద అడుగు అడుగున్నరకి ఒక రీపరు చొప్పున, వాటి మీద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ఫుల్ షీటు. అంటే పలచని షీటుకి కింద ఎక్కడా ఖాళీ లేదు. మేస్త్రీలు వాడే ట్యూబ్ లెవెల్ పెట్టి నాలుగు మూలలు సరి చూసినాం, ఒక మూల 9 మిల్లీమీటర్లు దిగి ఉండె, అట్ట ముక్కలు పెట్టి లేపినాం. ఈ పని అనవసరం అని ఎవరన్నా అంటే ఒప్పుకోకండి. కింద బల్ల మెలి తిరిగి ఉంటే మీద 50 షీట్లు అదే మెలి నేర్చుకుంటాయి, విల్లు వంపు తిప్పి పెడితే సరి అవుతుందేమో గానీ మెలి తిరిగింది సరి అవడం చాలా కష్టం.

బరువు గురించి ఒక తప్పు అభిప్రాయం అందరికీ ఉంది, ఎంత బరువు పెడితే అంత మంచిదని. 3 మిల్లీమీటర్ల ఫుల్ షీటు ఆరు, ఆరున్నర కిలోలు ఉంటుంది. 45 షీట్ల కట్టలో అట్టడుగు షీటు మీద అప్పటికే రెండు వందల ఎనభై కిలోలకి పైన బరువు ఉంది, దానికి మన సాయం అవసరం లేదు. వంగేది పైన ఉండే ఎనిమిది పది షీట్లే. కాబట్టి మూత కావాల, బరువు ఆ మూతకి సరిపడేంత. పైన ఇంకో 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కప్పి, దానిమీద రెండడుగుల చదరం కడప బండలు నాలుగు, సమంగా పరిచి పెట్టినాం. అంగుళం మందం బండ ఒక్కోటి సుమారు 25 కిలోలు. ఇంతకు ముందు ఆయన ఇదే బండ ఒకటి నేరుగా షీటు నడిమధ్యలో పెట్టినాడు, నడుమ దిగి అంచులు లేచినాయి. బండ తప్పు కాదు, కింద ప్లైవుడ్ లేకపోవడం తప్పు.

ఆచరణలో ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. షీటు కావాలన్నప్పుడల్లా నూరు కిలోల బండలు ఎవరు దించుతారు? మొదటి వారంలోనే పిల్లోళ్ళు బండలు పక్కన పెట్టేసి మూత మాత్రం కప్పుతాండారు. వాళ్ళని తిట్టి లాభం లేదు, పద్ధతే మార్చాల. సరుకు రాంగానే సగం షీట్లని 4 అడుగులకి 4 అడుగులుగా కోయించి, రోజువారీ పనికి చిన్న కట్ట వేరేగా పెట్టినాం, దానికి మూత మీద ఒకటే బండ, రెండు పక్కల ఇద్దరు పట్టుకుంటే లేస్తుంది. పెద్ద కట్ట వారానికి ఒకసారే తెరుస్తారు. ఎట్లైనా 20 కి 30 కంటే పెద్ద పీసు ఈ షాపులో అరుదు, ఫుల్ షీటుగా దాచుకోవాల్సిన అవసరమే లేదు.

తుంట ముక్కలకి నిలువు అరలు ఉన్నాయి, అవి తీసేయలే. నిలబెట్టడం తప్పు కాదు, వాలడం తప్పు. ఒక్కో అర నాలుగు అంగుళాలే ఉండేట్టు మధ్యలో అడ్డుపలకలు కొట్టించి, ముక్కలు తగ్గినప్పుడు ఖాళీ పూడ్చడానికి పాత ప్లైవుడ్ ముక్కలు రెండు మూడు పెట్టినాం. అర నిండుగా ఉంటే ఏ ముక్కా వాలదు.

మౌంట్ బోర్డు కథ కొంచెం వేరే. అది 32 అంగుళాలకి 40, మందం 1.4 మిల్లీమీటర్లు, కడప బండ అర లోతు చూస్తే 20 అంగుళాలు. అంటే బోర్డు ఒక అడుగు మేర గాలిలో వేలాడుతాంది, అంత సూటిగా కంటికి కనపడుతున్నా ఏళ్ళుగా అట్లే ఉంది. అర మీద 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పెద్దది వేసి ముందర కాళ్ళు ఇచ్చినాం. కట్ట పొట్లం విప్పినాక మళ్ళీ పాలిథీన్‌లో పూర్తిగా చుట్టి పెట్టమన్నా, సగం చుట్టడం కంటే అసలు చుట్టకపోవడమే మేలు. కాగితంలో పోగు, అంటే నార, ఒక దిక్కుకి నడుస్తుంది, తేమకి ఆ దిక్కున తక్కువ సాగుతుంది, అడ్డంగా చాలా ఎక్కువ సాగుతుంది. పోగు దిక్కు తెలుసుకోవడానికి ఒకే సైజు పట్టీలు రెండు, ఒకటి నిలువుగా ఒకటి అడ్డంగా కోసి, రెంటినీ ఒక చివర పట్టుకుంటే ఎక్కువ వాలేది పోగుకి అడ్డంగా కోసింది. పెద్ద ఫ్రేముకి మౌంటు, వెనక అట్ట రెండూ ఒకే పోగు దిక్కులో పెడితే ఒకదాన్నొకటి లాక్కోవు.

లామినేషన్ పటాలకి మందు ఏందంటే, వెనకాల కూడా అదే ఫిల్మ్ వేయడం. ముందు మూసి వెనక తెరిచి పెడితే తేడా వస్తుంది కాబట్టి రెండూ మూయాల, అంతే. పీసుకి కొంచెం ఖర్చు పెరుగుతుంది, ఓనరు అన్న ముందు ఒప్పుకోలే, తిరిగొచ్చిన 41 పీసులు మళ్ళీ చేసిన ఖర్చు పక్కన రాసి చూపిస్తే ఒప్పుకున్నాడు. గ్లాసు ఫ్రేములకైతే గోడౌన్ నుంచి షీటు తెచ్చిన రోజే కోసి, బిగించి, వెనక అంచులకి బ్రౌన్ టేపు వేసేయాలని పెట్టుకున్నారు, కూలరు రూములో రాత్రంతా విప్పి పెట్టకూడదు. కొత్త సరుకు వస్తే మాత్రం రెండు మూడు రోజులు గోడౌన్‌లో మధ్యమధ్యన పుల్లలు పెట్టి గాలి తగలనిచ్చి, ఆ తర్వాతే కట్టలో కలుపుతారు. కస్టమరు ఇంటి గాలి గోడౌన్ గాలికే దగ్గర, పని రూము గాలికి కాదు, అందుకే షీటు ఎక్కడ అలవాటు పడాలనేది గోడౌన్ అని తేల్చుకున్నాం.

తోలుబొమ్మల గురించి ఒక మాట. మేక తోలు ఎండీఎఫ్ కంటే చురుగ్గా తేమకి కదులుతుంది, అది దాని స్వభావం. దాన్ని జిగురుతో అట్టకి అంటించేస్తే అట్టని కూడా తనతో పాటు లాగుతుంది. పైభాగంలో రెండు మూడు చోట్ల దారంతో కుట్టి వేలాడనిస్తే బొమ్మ తన కదలిక తను కదులుతుంది. ఆ షాపులో అంటించినవి రెండు వంగినాయి, కుట్టినవి ఒక్కటీ వంగలే.

వంగిపోయిన స్టాకు

అప్పటికి వంగిన షీట్లు 38. పారేయడం నాకు ఇష్టం లేదు. వంపు దిక్కు మార్చి, అంటే ఉబ్బిన మొహం పైకి పెట్టి, మూత కింద బండలతో మూడు వారాలు ఉంచినాం. 38 లో 21 మళ్ళీ వాడుకునేంత సరి అయినాయి. మెలి తిరిగినవి సరి కాలే. కానీ ఇంకో లెక్క ఉంది, వంపు పొడవు వర్గంతో తగ్గుతుంది. 8 అడుగుల షీటులో మధ్యన 2 అంగుళాలు ఉబ్బు ఉంటే, దాన్నుంచి అడుగు ముక్క కోస్తే అందులో మిగిలేది ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. చిన్న దేవుడి పటాలు, 8 కి 10 సైజు ఫోటోలకి ఆ షీట్లన్నీ వాడేసినాం, ఒక్కటీ తిరిగి రాలే.

వానాకాలంలో ఇంకొకటి

సెప్టెంబరులో మళ్ళీ పోయినా. వానలు పడుతున్నాయి, గోడౌన్‌లో తేమ 74 శాతం, కానీ అన్ని చోట్లా 74. షీట్లు చక్కగా ఉన్నాయి. నాకు అది చూసి నిజంగా కడుపు నిండినట్టు అనిపించింది, ఎండాకాలంలో 68 కి వంగిన సరుకు వానాకాలంలో 74 కి వంగలేదంటే మనం పట్టుకున్న కారణం సరైందే.

అయితే చిన్న కట్టలో అడుగున రెండు షీట్ల అంచులు ఒక పక్క ఉబ్బి బిస్కెట్టు మాదిరి అయినాయి. శుక్రవారం శుక్రవారం షాపు నీళ్ళు కొట్టి కడుగుతారు, మా దిక్కు అందరూ కడుగుతారు. పెద్ద కట్ట ఇటుకల మీద ఎత్తులో ఉంది, చిన్న కట్టకి మేము రీపర్లు మాత్రమే వేసినాం, అంగుళం ఎత్తు, చీపురుతో తోసిన నీళ్ళు అక్కడిదాకా ఎగిరినాయి. ఎండీఎఫ్ మొహం కంటే అంచు చాలా ఎక్కువ నీళ్ళు తాగుతుంది, ఒకసారి నీళ్ళు తాగి ఉబ్బిన అంచు ఆరినా తగ్గదు, కోసి పారేయాల్సిందే. పెద్ద కట్టకి అంత జాగ్రత్త చెప్పి చిన్న కట్టని నేనే తేలిగ్గా తీసుకున్నా. ఆ రోజే దానికింద కూడా ఇటుకలు పెట్టించినా, నేల నుంచి ఐదు అంగుళాలు.

ఇప్పుడు నెల మొదటి తారీకున కట్ట మీద మూత తీసి, పై షీటుకి ఈ చివర నుంచి ఆ చివరకి దారం బిగించి, మధ్యలో సందు స్కేలుతో కొలిచి, కింద ప్లైవుడ్ అంచు మీద సుద్దముక్కతో రాస్తాండారు. ఈ ఎండాకాలం మే నెలలో నేను పోయి చూసినప్పుడు మధ్యాహ్నం, కూలరు ఫుల్‌గా తిరుగుతాంది, గోడౌన్ తలుపు మూసి ఉంది, సుద్దతో రాసిన చివరి అంకె 3 మిల్లీమీటర్లు. తలుపుకి పిల్లోడు తనంతట తానే స్ప్రింగు కూడా బిగించినాడు, ఎవరన్నా మూయడం మర్చిపోయినా అదే మూసుకుంటుంది.